వండే మనిషి ఎత్తు

"అమ్మగారి ఎత్తెంత?" అని అడిగాడు ప్రేమదాసు మేస్త్రి, చేతిలో సుద్దముక్క పట్టుకుని.

వరప్రసాదరావు ఠక్కున తన భుజం మీద చెయ్యి పెట్టుకుని "ఇదిగో, ఇంత" అన్నాడు. ఒక్క క్షణం ఆలోచించి ఆ చెయ్యిని చెవిదాకా జరిపాడు. మళ్ళీ అనుమానం వచ్చి గడ్డం దగ్గరికి దించాడు.

"ఏదో ఒకటి ఖాయం చెయ్యండి డ్రైవరుగారూ. ముగ్గురు పెళ్ళాలున్నట్టు మూడు కొలతలు చెప్తే నేను వంటగట్టు ఎవరికని కట్టాలి?"

షెడ్డులో పనివాళ్ళు పకపకా నవ్వారు. వరప్రసాదరావు కూడా నవ్వాడు గానీ, ఆ నవ్వు మొహం మీదే ఆగిపోయింది. ముప్ఫై నాలుగేళ్ళ కాపురం. భార్య ఎత్తెంతో తెలియని మనిషి ఆవిడ కోసం చక్రాల మీద ఇల్లు కట్టిస్తున్నాడు. మీకూ నవ్వొస్తే నవ్వండి, తప్పులేదు. కాకపోతే ఆ మాటకి లోపల ఎక్కడో చివుక్కుమన్నది అతనికే.

ప్రేమదాసుది నందిగామలో పాత హైవే పక్కన రేకుల షెడ్డు. నలభై ఏళ్ళుగా లారీలకు బాడీలు కడుతున్నాడు. అతనికో పద్ధతి ఉంది. లారీలో సీటు బిగించాలంటే దాన్ని నడిపే డ్రైవర్ని తెచ్చి కూర్చోబెట్టాలి. మోకాలు దగ్గర ఒక గీత, మోచెయ్యి దగ్గర ఒక గీత సుద్దముక్కతో గీసుకుని గానీ మేకు కొట్టడు. ఇప్పుడు వంటగట్టు కట్టమన్నా అదే పాట. వండే మనిషి వచ్చి నిలబడాలి, మోచెయ్యి వంచాలి, దానికి నాలుగంగుళాలు కింద గట్టు రావాలి.

"ఒక్కసారి అమ్మగారిని తీసుకురండి. గీత గీసుకుంటా, అయిపోద్ది."

"అంతా అయ్యాక చూపిద్దామని మేస్త్రీ. ముందే చూస్తే ఏం బావుంటది?"

అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, సౌభాగ్యమ్మ ఆ బండిలో ఎక్కుతుందో లేదో అతనికి ఇంకా తెలియదు. రమ్మంటే రాదేమోనన్న భయం అతన్ని కొన్నాళ్ళుగా పట్టుకుని ఉంది. అందుకే అడగడం మానేసి కట్టడం మొదలుపెట్టాడు.

వరప్రసాదరావుకి అరవై ఒకటి. జగ్గయ్యపేట చుట్టుపక్కల ఫ్యాక్టరీల సిమెంటు బస్తాలు లారీకెత్తుకుని భువనేశ్వర్ వెళ్ళాడు, కోయంబత్తూరు వెళ్ళాడు, నాగపూర్ వెళ్ళాడు. ఇంటికొచ్చేది నెలకి రెండు రోజులు. ఒక్కో నెల అదీ లేదు. వచ్చిన ఆ రెండు రోజులూ ఇంట్లో క్రిస్మస్సే. కోడికూర, గారెలు, పెట్టెలోంచి తీసిన దుప్పటి. కూతురు జాయిస్ పదేళ్ళొచ్చేదాకా అతన్ని చూస్తే తల్లి వెనకాల నక్కేది. ఇప్పుడా పిల్ల చందర్లపాడులో టీచరు, ఇద్దరు పిల్లల తల్లి. ఇప్పటికీ తండ్రితో మాట్లాడేటప్పుడు హెడ్మాస్టరు ముందు నిలబడ్డట్టే నిలబడుతుంది.

యజమాని తిరుపతిరావు గారు ట్రాన్స్‌పోర్టు మూసేసి లారీలన్నీ అమ్మేశాడు. కాలేజీ పిల్లల్ని తిప్పిన పాత మినీ బస్సొకటి షెడ్డులో మిగిలిపోతే, "ఇన్నేళ్ళు నమ్మకంగా చేశావు ప్రసాదూ, దీన్ని నువ్వుంచుకో" అని కాయితాలు చేతిలో పెట్టాడు. అట్లా ఐదు నెలల కింద వరప్రసాదరావు మొదటిసారి రెండు రోజులకు మించి ఇంట్లో ఉండటానికి వచ్చాడు.

వచ్చాక తెలిసింది, ఆ ఇంట్లో తనకు ఏదీ తెలియదని. ఫ్యానేద్దామని స్విచ్చి నొక్కితే లైటు ఆరిపోయేది. పంచదార డబ్బా అనుకుని ఉప్పు డబ్బా తీసేవాడు. ఎదురింటి కుక్క ఐదు నెలలయినా అతన్ని చూస్తే మొరగడం మానలేదు. ఆదివారం చర్చిలో పాస్టరుగారు "మన స్త్రీల సమాజం కార్యదర్శి సౌభాగ్యమ్మగారి భర్త, ఈ మధ్యే వచ్చారు" అని లేపి నిలబెట్టి పరిచయం చేశాడు. తన ఊళ్ళో తన చర్చిలో తనకు పరిచయం! అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య నిలబడ్డప్పుడు, ఒడిశా బోర్డరు దగ్గర బండి చెడిపోయి నాలుగు రోజులు ఒంటరిగా పడున్నప్పుడు కూడా లేని దిగులు ముంచుకొచ్చింది అతనికి.

నిద్ర సంగతి చెప్పనే అక్కర్లేదు. లారీ సీటు వెనక బల్ల మీద ముడుచుకుని పడుకోవడం అలవాటైన ఒళ్ళు అది. డబుల్ కాట్ మంచం మీద ఎటు దొర్లినా అంతు దొరికేది కాదు. మాటలూ అంతే. భార్యాభర్తల మధ్య ఎప్పుడూ రెండు రోజులకు సరిపడా మాటలే ఉండేవి. మూడో రోజు ఏం మాట్లాడుకోవాలో ఇద్దరూ ఎన్నడూ నేర్చుకోలేదు. "కాఫీ తాగుతారా?" "తాగుతా." "అన్నం పెట్టనా?" "పెట్టు." ఇంతే కాపురం. సౌభాగ్యమ్మ ఒక్క మాట తూలేది కాదు, ఒక్క పూట వంటకు లోపం చేసేది కాదు. హోటల్లో బాగా తెలిసిన సర్వరు కూడా అంత మర్యాదగా చూసుకోడు.

అదిగో, అప్పుడు ఫోన్లో వీడియో ఒకటి కనబడింది. కేరళ దంపతులెవరో బస్సునే ఇల్లుగా మార్చుకుని దేశమంతా తిరుగుతున్నారు. దాన్ని మోటార్‌హోమ్ అంటారట. వరప్రసాదరావుకి ప్రాణం లేచొచ్చింది. ఇంట్లో తనకు బతకడం రాదు సరే, రోడ్డు మీద తనను మించినవాడు లేడు. సౌభాగ్యాన్ని అక్కడికి తీసుకెళ్తే? సాలూరు ఘాట్‌లో పొద్దున పూట మంచు, గోదావరి వంతెన మీద సాయంత్రం గాలి, చిలికా సరస్సు పక్కన రోడ్డు. ఒక్కోచోట బండి ఆపినప్పుడు 'ఇది సౌభాగ్యం చూస్తే బావుండు' అని ఎన్నిసార్లు అనుకున్నాడో లెక్కలేదు. ఆ మాట మాత్రం ఎప్పుడూ ఆవిడకు చెప్పలేదు. ఇంటికి చేరేసరికి మర్చిపోయేవాడు.

"మనిద్దరం ఇంక ఆ బండిలోనే ఉందాం. నేను చూసినయ్యన్నీ నీకు చూపిస్తా" అన్నాడు ఓ పొద్దున. సౌభాగ్యమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, "ముందు బండి తయారవనివ్వండి" అన్నది. తలెత్తలేదు. అది ఒప్పుకోవడం కాదని లోపల తెలుస్తూనే ఉన్నా, ఒప్పుకుందనే ఊళ్ళో చెప్పుకున్నాడు.

పని మాత్రం ప్రాణం పెట్టి చేయించాడు. రోజూ పొద్దున ఏడింటికి జగ్గయ్యపేటలో బస్సెక్కి నందిగామ వెళ్ళేవాడు, చీకటిపడే వేళకు తిరిగొచ్చేవాడు. సీట్లన్నీ ఊడబీకించాడు. నేల రేకులకు పట్టిన తుప్పు తనే కూర్చుని గీకాడు. కింద ప్లైవుడ్డు, దాని మీద షీటు. పైన నీళ్ళ ట్యాంకు, సోలారు పలకలు, లోపల బ్యాటరీలు, వెనక మూల చిన్న బాత్రూము. గ్యాసు సిలిండరు కుదుపులకు కదలకుండా ఇనప పట్టీ. కిటికీలకు దోమతెరలు. ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరిగి బండి మార్పుకు కాయితాలు చేయించుకొచ్చాడు.

"పడకలు రెండా, ఒకటా?" అని అడిగాడు ప్రేమదాసు.

"ఒకటే. పెద్దది" అన్నాడు వరప్రసాదరావు, పెళ్ళికొడుకులా తలొంచుకుని.

అన్నీ అయినయ్యి, వంటగట్టు ఒక్కటే మిగిలింది. మేస్త్రి పట్టు వదిలే మనిషి కాదు. "గీత లేకపోతే గట్టు లేదు" అని తెగేసి చెప్పాడు. దాంతో ఒక గురువారం పొద్దున్నే వరప్రసాదరావు మేస్త్రి దగ్గర టేపు అడిగి జేబులో వేసుకుని వెనక్కి బస్సెక్కాడు. ఏదో సరసమాడినట్టు భార్యను నిలబెట్టి కొలుద్దామని అతని ఆలోచన. దారిపొడుగునా అది తలుచుకుని తనలో తనే సిగ్గుపడ్డాడు కూడా.

పదకొండు కావస్తోంది. వీధి తలుపు వేసి ఉంది. పక్కసందులోంచి పెరటివైపు వెళ్ళబోయిన మనిషి, నవ్వు వినపడి ఆగిపోయాడు.

వెనక వసారాలో ఒక పొట్టి బల్ల, బల్ల మీద స్టవ్వు, దాని ముందు ప్లాస్టిక్ స్టూలు మీద సౌభాగ్యమ్మ. ఒక కాలు ముందుకు చాపుకుంది. మోకాలికి తైలం రాసి గుడ్డ కట్టి ఉంది. మెట్టు మీద పక్కింటి రూబీ కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. సౌభాగ్యమ్మ గరిటె ఊపుతూ ఎవరో ప్రసంగం చేసినట్టు గొంతు మార్చి ఏదో చెప్తోంది. రూబీ పొట్ట పట్టుకుని నవ్వుతోంది. సౌభాగ్యమ్మ కూడా నవ్వుతోంది, కళ్ళనీళ్ళొచ్చేంతగా. ఆ నవ్వు వరప్రసాదరావు ఎప్పుడూ వినలేదు. అది తన భార్య నవ్వని నమ్మడానికి అతనికి కాసేపు పట్టింది.

రూబీ చూసింది. "పిన్నీ, బాబాయ్!"

నవ్వు టక్కున తెగిపోయింది. సౌభాగ్యమ్మ గోడ పట్టుకుని లేచింది. ఆ కంగారులో స్టూలుని కాలితో బల్లకిందికి నెట్టింది. "ఇంత తొందరగా వచ్చారేంటండీ? అరగంటలో అన్నం పెట్టేస్తా" అంటూ కొంగు సర్దుకుని లోపలి వంటింట్లోకి నడిచింది. మొదటి రెండడుగులు కుంటింది. తర్వాత నడుం నిటారుగా చేసుకుని, ఏమీ లేనట్టు నడిచింది. లోపల గట్టు మీద గిన్నెలు దించుతున్న చప్పుడు.

రూబీ ఉల్లిపాయల పళ్ళెం తీసుకుని జారుకోబోతుంటే వరప్రసాదరావు సందులో ఆపాడు. "ఎన్నాళ్ళ నుంచమ్మా ఆ మోకాళ్ళు?"

"నాలుగేళ్ళయ్యింది బాబాయ్. డాక్టరుగారు నిలబడి వంట చెయ్యద్దన్నారుగా. కూర్చునే చేస్తది."

"నేను ఐదు నెలల్నించీ ఇంట్లోనే ఉన్నా. ఒక్క రోజన్నా కూర్చుని చెయ్యగా చూడలా."

రూబీ నసిగింది. "మీరొచ్చినప్పుడు నిలబడే చేసేది బాబాయ్. 'రెండ్రోజులకోసం వచ్చే మనిషి, ఆయన ముందు మూలుగుతా కూచుంటే ఏం బావుంటది' అనేది. మీరెళ్ళాక రెండ్రోజులు మంచం దిగేది కాదు. అప్పుడంటే సరే, ఇప్పుడు మీరు వెళ్ళట్లేదుగా..." అని నాలిక్కరుచుకుంది.

మీరు వెళ్ళట్లేదుగా. రూబీ తప్పేమీ అనలేదు, ఉన్నమాటే అన్నది. నూటయాభై రోజులు, పూట పూటకీ, ఆవిడ ఆ నొప్పి మీద నిలబడి వండిన తిండి తను తిన్నాడు. కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పడం తప్ప తలెత్తి మొహంలోకి చూడలేదు. రోడ్డు మీద రెండొందల గజాల అవతల మేక అడ్డమొస్తుందని పసిగట్టే కళ్ళు అవి. ఇంట్లో ఏం చేస్తున్నట్టు?

అన్నం తిన్నాడు. టేపు జేబులోనే ఉండిపోయింది. అడుగుదామని నోటిదాకా వచ్చింది. కానీ నాలుగేళ్ళుగా ఆవిడ పంటి బిగువున దాచిన దాన్ని ఒక్క మాటతో లాగి బయటపడేయడానికి అతనికి మనసొప్పలేదు. "రేపట్నించి నాకు క్యారేజీ కట్టబాక, మధ్యాహ్నం భోజనం నందిగామలోనే తినేస్తా, సాయంత్రం కూడా ఏదో టిఫిను తెస్తాలే, నువ్వు వండబాక" అని మాత్రం అన్నాడు. సౌభాగ్యమ్మ "అదేంటండీ?" అన్నది. ఆవిడ మొహంలో ఒక్క క్షణం కనబడిన తెరిపిని ఈసారి అతను చూశాడు. చూశాక తిన్నదంతా చేదైపోయింది.

మర్నాడు ప్రేమదాసుతో "కూర్చుని వండేట్టు కట్టాలి మేస్త్రీ" అన్నాడు.

"నా సర్వీసులో అట్టాంటిది కట్టలా. ముందే చెప్పచ్చుగా?"

"నాకే నిన్న తెలిసింది."

మేస్త్రి అతని మొహం వంక చూసి ఇంకేమీ వేళాకోళమాడలేదు. తనే పనిముట్ల పెట్టె మీద కూర్చుని మోచెయ్యి వంచి గీత గీసుకున్నాడు. గట్టు ముందు, వీపు ఆనించుకోడానికి వీలుగా సీటు బిగించాడు, కాలు చాపుకోడానికి గట్టుకింద ఖాళీ వదిలాడు. తలుపు దగ్గర లారీకున్నట్టు ఎత్తుగా ఒకే ఒక్క ఇనప మెట్టు ఉండేది. దాన్ని కోయించి నాలుగు చిన్న మెట్లు, పట్టుకోడానికి కమ్మీ పెట్టించాడు వరప్రసాదరావు. ముప్ఫై నాలుగేళ్ళు ఒక్క ఊపులో బండెక్కిన మనిషి కదా, మెట్టు ఎవరికైనా కష్టమవుతుందన్న సంగతే తోచలేదు మొదట. ఆ పది రోజులూ అతని మనసులో ఒకటే ఆశ. ఇది చూస్తే వస్తుంది. తనకోసం ఒకడు ఇంత కనిపెట్టి చేశాడని తెలిస్తే ఎందుకు రాదు? ఆవిడొస్తే ఇక తను ఎవరింట్లోనూ చుట్టం కాడు. రాకపోతే? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా ఏదో ఒక పని కల్పించుకుని లేచేవాడు.

ఆదివారం చర్చి విడిచే వేళకు బండిని తెచ్చి వీధిలో నిలబెట్టాడు. ఊరంతా పోగయింది. పాస్టరుగారు బండి మీద చెయ్యి వేసి ప్రార్థన చేశాడు. ఆడవాళ్ళు లోపలికెక్కి పరుపు నొక్కి చూశారు, కుళాయి తిప్పి చూశారు. "సౌభాగ్యమ్మొదినా, ఎంత అదృష్టమమ్మా" అన్నారు. సౌభాగ్యమ్మ అందరూ దిగేదాకా కిందే నిలబడింది. చివరికి తను ఎక్కింది. కమ్మీ పట్టుకుని, నాలుగు మెట్లూ నెమ్మదిగా, ఎక్కడా ఆగకుండా.

గట్టు చూసింది. సీటు చూసింది. కూర్చుంది. కాలు చాపింది, చాపినంత మేరా ఖాళీ ఉంది. చేతులు గట్టు మీద ఆనించింది. సరిగ్గా సరిపోయింది.

"ఎవరు చెప్పారు మీకు?"

"ఎవరూ చెప్పలా. నేనే చూసా."

సౌభాగ్యమ్మ కళ్ళు తుడుచుకుంది. వరప్రసాదరావుకి లోపల దీపం వెలిగినట్టయింది. అయిపోయింది, ఒప్పుకుందనుకున్నాడు.

"ఇది చూసాక మీతో అబద్ధమాడలేనండి" అన్నది సౌభాగ్యమ్మ. "నేను రాను."

అతను గట్టు దగ్గరికి జరిగాడు. "మోకాళ్ళ గురించా? నెమ్మదిగా నడుపుతా. రోజుకి యాభై కిలోమీటర్లు చాలు. అదీ వద్దంటే..."

"మోకాళ్ళు కాదండి." గట్టు మీద చేత్తో నిమురుతూ మాట్లాడింది. "పెళ్ళైన కొత్తలో మీరు వెళ్తుంటే ఏడ్చేదాన్ని. జాయిస్ కడుపులో ఉన్నప్పుడు వీధిలో ఏ లారీ హారన్ కొట్టినా గుమ్మంలోకొచ్చేదాన్ని. పదేళ్ళు ఎదురుచూసా. తర్వాత మానుకున్నా. మానుకోడానికి ఎంత తన్నుకులాడానో మీకు తెలీదు. రూబీ, గురువారం ప్రార్థన, ఈ వీధి, ఇయ్యే నన్ను బతికించినయ్యి. మీరు తప్పు చేసారనట్లా. మా కోసమే తిరిగారు. కానీ నేను ఒక్కదాన్నే కట్టుకున్నానండి నా బతుకు. ఇప్పుడది ఊడబీక్కుని రమ్మంటే ఎట్టా రాను?"

"అయితే నేనే ఉండిపోతా. బండి అమ్మేస్తా."

"మీకిక్కడ నిద్ర పడుతుందా?"

అతను పరుపు మీది దుప్పటి అంచు సర్దాడు.

"చూస్తున్నాగా. మీరు మంచం మీద కళ్ళు తెరుచుకుని, నేను వంటింట్లో నిలబడి. ఎన్నాళ్ళండీ ఇద్దరం?"

అరవై ఒక్క ఏళ్ళ మనిషి అడగకూడని మాట అడిగాడప్పుడు. కిటికీ వంక చూస్తూ అడిగాడు. "నేనంటే ఇష్టం లేదా సౌభాగ్యం?"

"ఇష్టం లేకపోతే నిలబడి వండుతానా?" అన్నది ఆవిడ.

వీధిలో సున్నపురాయి లారీ ఒకటి వెళ్తే బండి అద్దాలు గలగలలాడాయి. సౌభాగ్యమ్మ లేచి, కమ్మీ పట్టుకుని ఒక మెట్టు దిగి, వెనక్కి తిరిగింది. "మీరెళ్ళండి. మీకు ప్రాణం అక్కడ. నెలకి రెండ్రోజులు నేనొస్తా. ఎక్కడుంటే అక్కడికి. మీరు నా దగ్గరికొచ్చినట్టే."

అట్లా బయల్దేరాడు వరప్రసాదరావు, ఇద్దరి కోసం కట్టిన ఇంట్లో ఒక్కడే. ఒంగోలు దాటి కావలి వెళ్ళాడు, సముద్రం ఒడ్డున నాలుగు రోజులున్నాడు. మళ్ళీ పైకొచ్చి గోదావరి గట్టున ఆగాడు. నిద్ర మాత్రం బ్రహ్మాండంగా పట్టింది. అందుకు తన మీద తనకే కోపం వచ్చేది. మెలకువ వచ్చాక పెద్ద పరుపు మీద పక్కనున్న ఖాళీ చోటు చూసి వెంటనే లేచిపోయేవాడు. రోజూ సాయంత్రం ఆరింటికి ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకున్నారు. విచిత్రమేమిటంటే ఇంట్లో దొరకని మాటలు ఫోన్లో దొరికాయి. గోదావరి గట్టున గాలి ఎట్లా ఉందో చెప్పాడు. చర్చిలో ఎవరి పాట తాళం తప్పిందో, రూబీ కూతురు పురిటికి ఎప్పుడొచ్చిందో ఆవిడ చెప్పింది. ఒకరోజు ఆ పెరటి నవ్వు చిన్న ముక్కొకటి ఫోన్లో వినబడింది. ఆ రాత్రికి అది చాలింది అతనికి.

నెల తిరిగింది. శనివారం పొద్దున వస్తానన్నది సౌభాగ్యమ్మ. మారే పని లేకుండా ఒకే బస్సులో వచ్చేట్టు, శుక్రవారానికే వరప్రసాదరావు బండిని కీసర తెచ్చాడు. హైవే పక్కన చెట్టు నీడ చూసి ఆపుకున్నాడు. బండి కడిగాడు. దుప్పటి మార్చాడు. చేపలు తెచ్చి పులుసు పెట్టాడు. రెండుసార్లు రుచి చూశాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని తొమ్మిదింటికల్లా బస్సాగే చోట నిలబడ్డాడు. ఆవిడ తొమ్మిదిన్నరకు గానీ బస్సే ఎక్కనని చెప్పింది. అయినా ముందే వచ్చి నిలబడ్డాడు.

జగ్గయ్యపేట నుంచి వచ్చే బస్సులు ఒక్కోటీ ఆగుతున్నాయి. ముందు తలుపు నుంచి దిగుతుందో వెనక తలుపు నుంచి దిగుతుందో తెలియక రెండిటి మధ్యా నిలబడేవాడు. ఎవరో చీరకొంగు కనపడగానే రెండడుగులు వేసేవాడు, ఆవిడ కాదని తెలిసి ఆగేవాడు. ఐదో బస్సు వెళ్ళాక ఫోను మోగింది.

"ఏమండీ, నేను రాలేనండి ఇయ్యాళ. రూబీ కూతురికి పొద్దున్నే పురిటి నొప్పులొచ్చినయ్యి. ఆసుపత్రిలో ఉన్నాం. ఆ పిల్ల నా చెయ్యి వదలట్లా."

అతనికి ముందు కోపం వచ్చింది. చేపల పులుసు, కడిగిన బండి, ఇస్త్రీ చొక్కా, అన్నీ కలిసి గొంతులోకొచ్చాయి. 'ఒక మాట ముందే చెప్పచ్చుగా' అనబోయాడు. లోడు పడిందనీ, టైరు పోయిందనీ, యజమాని పంపట్లేదనీ, ఈ నెల రాలేననీ ఎస్టీడీ బూత్‌లలో నిలబడి తను చేసిన ఫోన్లు ఒక్కసారిగా కళ్ళముందు కదిలాయి. అవతలి చివర ఆవిడ ఏ చీర కట్టుకుని నిలబడి ఉందో ఒక్కనాడూ అడగలేదు.

"ఫర్లేదులే. అక్కడే ఉండు" అన్నాడు.

"వచ్చే నెల తప్పకుండా వస్తాలెండి."

"ఊఁ."

"భోంచేసారా?"

"చేసా. ఇప్పుడే" అన్నాడు.

ఫోను పెట్టేశాక కూడా దాన్ని చెవి దగ్గరే పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. ఇంతలో ఇంకో బస్సొచ్చి ఆగింది. దిగేవాళ్ళు దిగారు. కండక్టరు తలుపులోంచి వంగి, "విజయవాడ, ఎక్కుతారా పెద్దాయనా?" అని అడిగాడు.

"లేదు బాబూ, మా ఆవిడ కోసం చూస్తున్నా" అన్నాడు వరప్రసాదరావు.

బస్సు వెళ్ళిపోయింది. ఆవిడ రాదని తెలుసు. ఇంకొక్క బస్సు చూసి వెళ్దామని అక్కడే నిలబడ్డాడు.